‘శర శశి షట్క చంద్ర...’ పద్యంలో అబ్ధి నాలుగా, ఏడా?

శ్రీకాకుళం సభ్యుడు: చదరంగం 64 గడుల్లో ఒక గింజతో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే చంపకమాల ఇది. ఇందులో ఒక్కో మాటా ఒక్కో అంకెకు గుర్తు. అంకెలున్నంతవరకే రాస్తున్నాను:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

నగ, భూధర, గిరి మూడూ కొండలే, కులపర్వతాలు ఏడు. ఒప్పుకున్నాను. మరి సముద్రాలూ ఏడే కదా మాస్టారూ! అబ్ధి, పయోనిధి మాత్రం నాలుగెందుకయ్యాయి?

విజయనగరం సభ్యుడు: ఇలా వస్తువుల పేర్లతో అంకెలు చెప్పే భూతసంఖ్యల్లో సముద్రానికి నాలుగే ఎక్కువ వాడుక. ఏడు కూడా అక్కడక్కడా కనిపిస్తుంది కాబట్టి నిఘంటువు తీస్తే తగువు తెగదు. లెక్కనే అడుగుదాం.

‘అంకానాం వామతో గతిః’, అంటే అంకెల నడక ఎడమకు కదా, శర అనే 5 ఒకట్ల స్థానం. అక్కణ్ణుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615. రెండును 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఇది 3తోనూ 5తోనూ భాగింపబడుతుంది. కానీ ఆ పరీక్షలు మనకి పనికిరావు. 4 బదులు 7 పెడితే అంకెల మొత్తం మూడే పెరుగుతుంది, 3కి తేడాయే తెలియదు!

తొమ్మిదితో చూడండి. రెట్టింపుల శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరిగొస్తాయి. 64వది నాలుగో చోట పడుతుంది, అంటే 7. ఒకటి తీస్తే 6 మిగలాలి. పద్యంలో అంకెల మొత్తం 87, శేషం 6. ఒక సముద్రాన్ని ఏడు చేస్తే 90, శేషం సున్నా. రెండూ మారిస్తే 93, శేషం 3. కాబట్టి రెండూ నాలుగే.

రాజాం సభ్యురాలు: బావుంది. అంకెలు సరే గానీ, చదివేటప్పుడు పక్కపక్క పదాలు తారుమారైతే? మొత్తం మారదు కదండీ.

విజయనగరం సభ్యుడు: మారదమ్మా, తొమ్మిది దాన్ని పట్టుకోలేదు. దానికి 11 కావాలి. బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాలది 25, తేడా 37, పదకొండుతో శేషం 4. పదకొండుతో రెట్టింపుల శేషాలు పదింటికోసారి తిరిగొస్తాయి గనక అసలు లెక్కలోనూ 4 వస్తుంది. వేరు వేరు అంకెలు పక్కపక్కన తారుమారైతే ఇది కుదరదు. ఇక యతిప్రాసలు ఎలాగూ కాపలా ఉన్నాయి.

శ్రీకాకుళం సభ్యుడు: ఇంకెన్నింటితో భాగింపబడుతుంది?

విజయనగరం సభ్యుడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417 దీని ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటి ఒక్కసారే. మొత్తం భాజకాలు 128. వీటిలో 641, 6700417 గుణిస్తే 4294967297. గణితవేత్త ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు, 1732లో ఆయిలర్ 641తో విరగ్గొట్టాడు.