కాలస్ పాత్రలో జోలీ: వెనిస్ సమీక్షలను ఎంత నమ్మాలి, పాట ఎవరి గొంతున ఉండాలి?

పినాకిని తీరం (నెల్లూరు) | 2024 ఆగస్టు 31

వెనిస్ చలనచిత్రోత్సవంలో మొన్న 29వ తేదీన ‘మరియా’ చిత్రాన్ని తొలిసారి ప్రదర్శించారు. ఒపెరా (పాశ్చాత్య సంగీత నాటకం) గాయని మరియా కాలస్ 1977 సెప్టెంబరు 16న, 53 ఏళ్ల వయసులో, పారిస్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. ఆ మరణానికి ముందటి వారం రోజులే ఈ చిత్ర కథ. కాలస్‌గా ఏంజెలీనా జోలీ నటించారు. దర్శకుడు పాబ్లో లరైన్ 2016లో అమెరికా అధ్యక్షుడి భార్య జాకీ కెనెడీ మీద, 2021లో బ్రిటన్ యువరాణి డయానా మీద తీసిన చిత్రాల వరుసలో ఇది మూడవది. ఆ రెండు చిత్రాల కథానాయికలకూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయన్న సంగతి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఈ రెండు రోజుల్లో దొరికిన సమీక్షలన్నీ చదివాను. జోలీ నటనను దాదాపు అందరూ మెచ్చుకున్నారు. చిత్రం విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. కళ్లకు విందుగా ఉన్నా కాలస్ మనసులోకి మనల్ని రానివ్వలేదని కొందరు, నిద్రమాత్ర మాండ్రాక్స్ పేరే పెట్టుకుని వచ్చే ఊహాజనిత విలేఖరితో సంభాషణలు నడిపించడం అతికినట్టు లేదని మరికొందరు రాశారు. ప్రదర్శన ముగిశాక ఎనిమిది నిమిషాలు చప్పట్లు మోగాయనీ, జోలీ కన్నీళ్లు పెట్టుకున్నారనీ వార్తలు వచ్చాయి. ఆమె సాహస చిత్రాలను తెలుగు డబ్బింగులో చూస్తూ పెరిగిన అభిమానిని కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు. అయినా ఇంతమంది ఏకకంఠంతో నటిని మెచ్చుకున్నప్పుడు ఆ మాటను నమ్మవచ్చుననే నా అభిప్రాయం.

ఉదయగిరి కోట | 2024 ఆగస్టు 31

చప్పట్ల నిమిషాలను లెక్కపెట్టే అలవాటును మనం మానుకోవడం మంచిది. ప్రధాన ప్రదర్శనలో నటీనటులూ దర్శకుడూ అదే హాలులో కూర్చుని ఉంటారు, కెమెరాలు వాళ్ల ముఖాల మీదే ఉంటాయి, మంచి బట్టలు కట్టుకుని ఆహ్వానం మీద వచ్చినవారు వాళ్లు లేచి వెళ్లేదాకా చప్పట్లు కొట్టడం మర్యాద. పెళ్లికి వెళ్లినవాడు భోజనం బాగుందనక ఏమంటాడు? విమర్శకులు ఆ చిత్రాన్ని చాలావరకు ముందే, వేరే ప్రదర్శనలో చూసి, గడువు దాటేదాకా రాసింది దాచిపెట్టుకుని, అందరూ ఒకే సమయానికి ప్రచురిస్తారు. కాబట్టి చప్పట్లూ సమీక్షలూ ఒకే నోట వచ్చిన మాటలు కావు, వాటిని కలిపి చదవరాదు.

ఇక సమీక్షల మాట. 2019 జనవరిలో ఎన్టీఆర్ జీవితచిత్రం మొదటి భాగం ‘కథానాయకుడు’ వచ్చినప్పుడు సమీక్షలు బాగానే ఉన్నాయి, వసూళ్లు మాత్రం రాలేదు. పంపిణీ లెక్కల్లో నెల్లూరు ఒక్క జిల్లాయే ఒక ఏరియా కనుక, ఇక్కడ సినిమా వ్యాపారం చేసేవాళ్లను అడిగితే రాతకూ గల్లాపెట్టెకూ ఎంత దూరమో చెబుతారు.

పినాకిని తీరం | 2024 సెప్టెంబరు 1

అన్నా, వసూళ్లు నటనకు కొలమానం కావని మీరే పాత చర్చలో వాదించారు. నేను అడిగినది నటి గురించి.

కావలి సంగీతం | 2024 సెప్టెంబరు 1

నేను సంగీతం చెప్పుకుని బతికేవాడిని కనుక, సమీక్షకులు ఒకటి రెండు వాక్యాలలో దాటేసిన విషయం దగ్గర ఆగుతాను. ఈ చిత్రం కోసం జోలీ దాదాపు ఏడు నెలలు గాత్ర శిక్షణ తీసుకున్నారు. తెర మీద వినిపించే పాటలో ఆమె గొంతునూ కాలస్ పాత రికార్డింగులనూ కలిపారు. ఆ పాళ్లు సన్నివేశాన్ని బట్టి మారుతాయి. కాలస్ ఉచ్చదశలో ఉన్న ఘట్టాల్లో ఆమె గొంతే అధికం, చివరి రోజులకు వచ్చేసరికి జోలీ గొంతు ముందుకు వస్తుంది.

కాలస్ గొంతు అధికంగా ఉన్న ఘట్టాల గురించి నాకు పేచీ లేదు, పైగా మెచ్చుకుంటాను. పెదవులు కదపడం ఎవరైనా నేర్చుకోగలరు. పాడుతున్నారో నటిస్తున్నారో పట్టిచ్చేది ఊపిరి. నిజంగా పాడే మనిషి పల్లవి ఎత్తుకునే ముందు పక్కటెముకలు విచ్చుకుంటాయి, భుజాలు మాత్రం లేవవు. పై స్థాయికి వెళ్లేటప్పుడు మెడ నరం ఉబ్బడానికి ఒక్క క్షణం ముందే కళ్లలో ఆ ప్రయాణం తెలుస్తుంది. మైకు లేకుండా, వాద్యబృందాన్ని దాటి, నిండు ప్రేక్షకశాలలో చివరి వరుసకు వినిపించేలా పాడాల్సిన ఒపెరాలో ఈ శ్రమ మరీ ఎక్కువ. తెర మీద వినిపించేది కాలస్ గొంతే అయినా సెట్లో జోలీ చేత గొంతెత్తి పాడించడానికి కారణం ఇదే, ఆ పని చేసిన దర్శకుడికి సంగీతం మీద గౌరవం ఉందనే అనుకుంటున్నాను.

నా అభ్యంతరమల్లా జోలీ గొంతు ముందుకు వచ్చే చివరి రోజుల ఘట్టాల మీద. కాలస్ గొంతు 1960ల నాటికే సడలింది, 1965 జూలైలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పాడిన ‘టోస్కా’ ఆమె చివరి ఒపెరా ప్రదర్శన, 1973-74లో చేసిన వీడ్కోలు కచేరీలు జపాన్‌లోని సపోరోతో ముగిశాయి. ఆ సడలిన గొంతు స్థానంలో ఏడు నెలలు నేర్చుకున్న నటి గొంతును పెడితే సరిపోతుందని చిత్రబృందం అనుకున్నట్టుంది. చెడిపోయిన విద్య వేరు, నేర్చుకుంటున్న విద్య వేరు. చాలా ఏళ్ల క్రితం ఒక వృద్ధ విద్వాంసుడి కచేరీలో వెనుక కూర్చుని తంబురా మీటాను. ఆయనకు తారస్థాయి షడ్జమం, అంటే పై ‘స’, అందడం మానేసి అప్పటికి కొన్నేళ్లయింది. అప్పటికప్పుడు స్వరాలు కల్పించి పాడుతూ, దాని కింది స్వరమైన నిషాదం దాకా వెళ్లి, అక్కడే దాన్ని ఊపుతూ నిలబెట్టి, వయొలిన్ వైపు చూసి చిన్నగా తల పంకించారు. వయొలిన్ పైకి వెళ్లి షడ్జమాన్ని అందుకుంది. ఆయన కుడిచేయి మాత్రం తొడ మీద అక్షరం తప్పకుండా తాళం వేస్తూనే ఉంది. గొంతు పోయినా లెక్క పోలేదు, గమకం పోలేదు, ఎక్కడ ఆగాలో తెలిసిన వివేకం పోలేదు. కాలస్ చివరి దశ గొంతులో కూడా శ్రుతి వణుకుతుంది గానీ పదాన్ని విరిచే తీరు అలాగే ఉంటుంది. ఆ శిథిలాన్ని కొత్తగా నేర్చుకున్న గొంతు చూపించలేదు, ఎంత చిత్తశుద్ధి ఉన్నా.

కొత్తపట్నం కెరటం | 2024 సెప్టెంబరు 2

మాష్టారి మాటలో కొంత నిజం ఉన్నా మొత్తానికి అంగీకరించలేను. ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్ మీద 2007లో వచ్చిన చిత్రంలో మరియన్ కోటియార్ పెద్ద పాటలకు పెదవులే కదిపారు. అయినా ఆమెకు ఆస్కార్ ఇచ్చారు, ఎవరూ తప్పుపట్టలేదు. మన దగ్గర ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్స్‌లీకి గొంతు ఇచ్చినది మన నెల్లూరు వాడైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. మా నాన్నగారి తరం ఒంగోలులో చూసిన మహాత్ముడికి శరీరం ఒకరిది, మాట ఇంకొకరిది. వాళ్లకు అది అతుకులా అనిపించలేదు. పాత్ర పండితే గొంతు ఎవరిదైనా ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు.

దొడ్డవరం దారి (ఒంగోలు) | 2024 సెప్టెంబరు 2

కొత్తపట్నం వారు గాంధీని తెచ్చి చర్చను పక్కదారి పట్టించారని చెప్పక తప్పదు. గాంధీ గారిని లోకం గుర్తుపెట్టుకున్నది గొంతు వల్ల కాదు. కాలస్‌ను గుర్తుపెట్టుకున్నది గొంతు వల్లనే. ఈ తేడా తెలియడానికి పారిస్ దాకా వెళ్లనక్కరలేదు, మన తెలుగు నటీమణులు ఇద్దరు చాలు.

2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు కీర్తి సురేష్‌ను అందరూ మెచ్చుకున్నాం, జాతీయ ఉత్తమ నటి పురస్కారం కూడా ఆమెకు వచ్చింది. అందులో పాటల విషయమై ఈ గొడవ రాలేదు, ఎందుకంటే సావిత్రి గారికి తెర మీద పాడింది పి. లీల, పి. సుశీల వంటివారు. పాత పాటకు కీర్తి పెదవులు కదిపితే అది సావిత్రి చేసిన పనే. నేపథ్యగానం అన్నది ఆ పాత్రలోనే భాగం.

ఇప్పుడు అదే సావిత్రి నటించిన ‘మిస్సమ్మ’లో మొదట కథానాయికగా అనుకున్నది ఎవరిని? ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారిని. ఆమె తప్పుకుంటే సావిత్రికి ఆ పాత్ర దక్కింది. 1939లో ‘వరవిక్రయం’తో మొదలుపెట్టిన నాటి నుంచి తన పాట తానే పాడుకున్న మనిషి భానుమతి, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీసిన మనిషి. రేపు ఆమె జీవితచిత్రం ఎవరైనా తీస్తే అందులో ‘మల్లీశ్వరి’ పాట ఎవరి గొంతున వినిపించాలి? కథానాయికగా వచ్చే పిల్ల ఎంత కష్టపడి నేర్చుకున్నా, ఆ ముక్కు మీద నుంచి కొంచెం విసురుగా వచ్చే పలుకు ఆమెకు రాదు, వస్తే అనుకరణ అవుతుంది. నా మట్టుకు నేను అసలు రికార్డునే కోరుకుంటాను. జోలీ విషయంలోనూ అదే మాట. చివరి ఘట్టంలో కూడా కాలస్ గొంతే ఉండవలసింది.

ఉదయగిరి కోట | 2024 సెప్టెంబరు 2

పద్యనాటకంలో కృష్ణుడు రాగం తీయకుండా వెనుక రికార్డు వేస్తే మన జనం చెప్పులు విసిరేవారు. గొంతే ప్రాణమైన చోట వేరే గొంతు చెల్లదు, ఆ లెక్కన నేను దొడ్డవరం వారి పక్షమే. చప్పట్ల సంగతిలో మాత్రం నా మాట నాదే.

పినాకిని తీరం | 2024 సెప్టెంబరు 3

దొడ్డవరం అక్కా, మీ ఉదాహరణ బలంగా ఉంది, కానీ దానిలోనే నా సమాధానం కూడా ఉంది. ‘మల్లీశ్వరి’ పాట అప్పటికే చిత్రీకరించి లోకానికి వినిపించిన పాట. దానికి అసలు గొంతు కావాలనడం సబబు. భానుమతి గారు వయసు మళ్లాక మద్రాసు ఇంట్లో ఒంటరిగా కూర్చుని అదే పాటను కూనిరాగం తీసుకున్నట్టు ఒక సన్నివేశం రాస్తే దానికి రికార్డు ఎక్కడి నుంచి తెస్తారు? ‘మరియా’లో ఆమె వంటగదిలో, ఇంట్లో పనిచేసే బ్రూనా ముందు పాడే ఘట్టం అటువంటిదే. బ్రూనా ఏమంటుందో అని ఎదురుచూసే ఆ గాయనిని కొందరు సమీక్షకులు చాలా మెచ్చుకున్నారు. అక్కడ 1950ల నాటి రికార్డును వినిపిస్తే ఆ స్త్రీ ఎందుకు బాధపడుతున్నదో ప్రేక్షకుడికి అర్థమే కాదు. గొంతు బాగానే ఉంది కదా అనుకుని ఇంటికి వెళతాడు.

కావలి సంగీతం | 2024 సెప్టెంబరు 3

ఇది నేను ఆలోచించని కోణమని ఒప్పుకుంటున్నాను. అసలు రికార్డు అక్కడ పనికిరాదన్నది నిజమే. అయితే దానికి పరిష్కారం నటి గొంతు ఒక్కటే కాదు. వయసు మళ్లిన శాస్త్రీయ గాయని ఒకరిని కూర్చోబెట్టి పాడించవచ్చును. అప్పుడు శ్రుతి వణుకుతుంది, విద్య నిలుస్తుంది. ఆ దారిని దర్శకుడు ఎంచుకోకపోవడం వెనుక నటికి పేరు రావాలన్న ఆలోచన కూడా ఉండి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే తానే పాడిందన్న వార్త సగం ప్రచారం చేసిపెడుతుంది. ఇది అనుమానమే, ఆరోపణ కాదు.

కొత్తపట్నం కెరటం | 2024 సెప్టెంబరు 8

నిన్న వెనిస్ బహుమతులు ప్రకటించారు. ఉత్తమ నటికి ఇచ్చే వోల్పి కప్ జోలీకి రాలేదు, ‘బేబీగర్ల్’ చిత్రానికి నికోల్ కిడ్‌మన్‌కు ఇచ్చారు. ఏకకంఠంతో మెచ్చుకున్నారని చెప్పిన పినాకిని తీరం వారు ఇప్పుడేమంటారు?

పినాకిని తీరం | 2024 సెప్టెంబరు 8

ఇసబెల్ యుపేర్ అధ్యక్షత వహించిన న్యాయనిర్ణేతల బృందానికి నచ్చినది వేరు, అంతే. సమీక్షలు రాసినవారు బహుమతులు ఇవ్వలేదు. అయితే ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి టపాలో ఏకకంఠం అన్నాను కానీ, మళ్లీ కూర్చుని చదివితే వాటిలో సగానికి పైగా నటిని మెచ్చుకున్న వాక్యం పక్కనే చిత్రాన్ని తప్పుపట్టిన వాక్యం ఉంది. దగ్గరకు రానివ్వని పాత్రను నటి అంత బాగా ఎలా పోషించిందో ఆ సమీక్షకులలో ఎక్కువమంది వివరించలేదు. ఆ దూరం దర్శకుడు పెట్టినదా, నటి పెట్టినదా అన్నది చూస్తే గాని తేలదు.

కావలి సంగీతం | 2024 సెప్టెంబరు 8

చిత్రం మనకు అందేలోగా కాలస్ 1953లో పాడిన ‘టోస్కా’ రికార్డింగు వినండి. చిత్రం చివర వచ్చే పాట అందులోదే, రెండవ అంకంలో ఉంటుంది. మూడు నిమిషాలు కొంచెం దాటుతుంది. ఇప్పుడు ఒకసారి విని పెట్టుకుంటే, చిత్రం చూసిన రోజున ఆ చివరి పాటలో ఎక్కడెక్కడ ఊపిరి ఆగిందో మీకే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ ఇదే చర్చలో కలుద్దాం. భానుమతి గారి సంగతి మాత్రం విడిగా మరో చర్చ తెరవమని నిర్వాహకులకు నా మనవి, దొడ్డవరం వారితో నాకు ఆ విసురు పలుకు విషయమై ఇంకా తేలని లెక్క ఉంది.