యూనిట్ టెస్టులు ఎక్కువ రాయాలా, ఇంటిగ్రేషన్ టెస్టులా?

సందేహాలరావు:
ఇద్దరు సీనియర్ల మధ్య నలిగిపోతున్నానండీ. ఒకాయన డేటాబేస్‌తో సహా అన్నిటికీ మాక్‌లు (అసలువాటి బదులు నిలబెట్టే నకిలీలు) పెట్టి యూనిట్ టెస్టులు (ఒక్కో ఫంక్షన్‌ని విడిగా పరీక్షించేవి) రాయమంటారు. ఇంకొకావిడ మాక్‌లు తీసేసి అసలు డేటాబేస్‌తోనే కలిపి టెస్ట్ చెయ్యమంటారు, అంటే ఇంటిగ్రేషన్ టెస్టులు. కొత్త సర్వీస్ మొదలుపెడుతున్నాం. ఎవరి మాట వినాలి?

పాతకోడ్:
ఆవిడ మాటే. మాక్ అంటే మనం ఊహించుకున్న డేటాబేస్. ఊహ తప్పయితే టెస్టు కూడా ఆ తప్పుకే తలూపుతుంది. ఒకే ఈమెయిల్‌తో రెండు అకౌంట్లు వస్తే యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువని రెండుసార్లు రానివ్వని డేటాబేస్ నియమం) అడ్డుకుంటుందో లేదో మాక్ ఏ జన్మకీ చెప్పదు. పైగా లోపల ఒక ఫంక్షన్‌ని రెండుగా విడగొడితే చాలు, బయటికి ఏమీ మారకపోయినా మాక్‌లున్న టెస్టులు వరసపెట్టి ఫెయిలవుతాయి.

1996లో ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం చూడండి. ఏరియాన్ 4లో చక్కగా నడిచిన కోడ్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా వెళ్లే వేగం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టలేదు. సుమారు 40 సెకన్లలో అంతా ముగిసింది. కొత్త గమనంతో కలిపి పరీక్షించి ఉంటే నేలమీదే బయటపడేది.

నైట్‌బిల్డ్:
రాకెట్ ఉదాహరణ బాగుంది గానీ, అది యూనిట్ టెస్టులే కావాలనే నా వైపు కూడా పనికొస్తుంది. 64 బిట్ల నుంచి 16 బిట్లకి చేసే ఆ మార్పిడికి పెద్ద విలువ ఇచ్చి ఒక్క యూనిట్ టెస్టు నడిపినా దొరికేదే. అంత పెద్ద విలువ రాదులే అని పాత రాకెట్ లెక్కలు చూసి కావాలనే రక్షణ పెట్టలేదు. తప్పు అక్కడుంది.

సందేహాలరావు గారూ, మీ డిస్కౌంట్ లెక్కలో అవును-కాదు షరతులు ఆరు ఉన్నాయనుకోండి, 64 కలయికలు. ఒక్కోదానికీ యూజర్, కార్ట్, కూపన్ రికార్డులు డేటాబేస్‌లో పెడుతూ కూర్చుంటారా? ఫెయిలైనా ఎక్కడో తెలియదు. 2009లో సాఫ్ట్‌వేర్ పుస్తకాల రచయిత మైక్ కోన్ గీసిన టెస్టుల పిరమిడ్‌లో అడుగున యూనిట్ టెస్టులే ఎక్కువ.

పాతకోడ్:
ఆ పిరమిడ్ నడుమ సర్వీస్ టెస్టుల (స్క్రీన్ జోలికి పోకుండా సర్వీస్‌ని పరీక్షించేవి) పొర కూడా ఉందండీ. దాన్ని మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోరు! డాకర్ (డేటాబేస్ లాంటివాటిని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం) వచ్చాక, అసలు డేటాబేస్‌తో టెస్టులు నెమ్మదనే సాకు కూడా చాలావరకు పోయింది. కంటైనర్‌ని మొత్తం టెస్టులకి ఒక్కసారి లేపి, ప్రతి టెస్టునీ ట్రాన్సాక్షన్‌లో (ఒకే కట్టగా సాగే డేటాబేస్ మార్పులు) నడిపి చివర రోల్‌బ్యాక్ చేస్తే (ఆ మార్పుల్ని వెనక్కి తీసుకుంటే) సరి.

సందేహాలరావు:
మేం వాడబోయే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బదులు, టెస్టులకి మెమరీలో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుంటే? సెటప్ టెన్షన్ ఉండదుగా.

నైట్‌బిల్డ్:
వద్దు. ఇందులో పాతకోడ్ గారి పక్షమే. కాలమ్ పొడవు 10 అక్షరాలే అని రాసినా ఎస్‌క్యూలైట్ పట్టించుకోదు, పదకొండో అక్షరాన్నీ తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. ఇంకోమాట, కొత్త సర్వీస్ కాబట్టి లెక్కల్ని డేటాబేస్ ముట్టని ఫంక్షన్లలో విడిగా ఉంచండి. వాటికి మాక్‌లే అక్కర్లేదు. సేవ్ చేసే కోడ్‌కి అసలు పోస్ట్‌గ్రెస్.

పాతకోడ్:
దీనికి నాకూ అభ్యంతరం లేదు. ఒక్క జాగ్రత్త: కమిట్ (మార్పుల్ని ఖాయం చెయ్యడం) దాకా వాయిదా వేసిన కన్‌స్ట్రెయింట్లు ఉంటే, రోల్‌బ్యాక్‌తో ముగిసే టెస్టు వాటిని తాకదు. అలాంటి టెస్టుల్లో నిజంగానే కమిట్ చేసి, తర్వాత టేబుల్స్ ఖాళీ చెయ్యండి.