‘ఎట్ డెత్స్ డోర్’ అన్న ఇంగ్లీషు జాతీయాన్ని ఎక్కడ, ఎలా వాడాలి?

అనువాదకురాలు: న్యుమోనియా ముదిరి ఆసుపత్రిలో చేరిన ఒక పెద్దాయన ‘ఎట్ డెత్స్ డోర్’ ఉన్నాడన్న వాక్యాన్ని తెలుగు చేయవలసి వచ్చింది. ‘త్రుటిలో ప్రాణాపాయం తప్పింది’ అని రాయవచ్చునా? మీ అనుభవంలో ఈ మాటను ఎలా విన్నారో దయచేసి చెప్పగలరు.

ఇంగ్లీషు మాస్టారు: అలా రాయకూడదండి. లారీ రాసుకుంటూ పోయినా దెబ్బ తగలకుండా బయటపడినవాడికి ‘త్రుటిలో’ అన్నది సరిపోతుంది. దానికి ఇంగ్లీషులో ‘క్లోజ్ షేవ్’, ‘నారో ఎస్కేప్’ ఉన్నాయి. ‘డెత్స్ డోర్’ మాత్రం జబ్బుతోనో, తీవ్రమైన గాయాలతోనో మనిషి క్షీణించి, దక్కుతాడో లేదో తెలియని స్థితిలో ఉండటాన్ని చెబుతుంది. ఆయన కోలుకున్నాడా లేదా అన్నది ఆ మాటలో లేదు, తరువాతి వాక్యమే చెప్పాలి. మీ సందర్భానికి ‘చావుబతుకుల మధ్య ఉన్నాడు’ చక్కగా అతుకుతుంది.

గ్రంథపాఠకుడు: మాస్టారు చెప్పిన అర్థానికి పాత ఆధారమే ఉంది. 1539 నాటి ఇంగ్లీషు అనువాదమైన గ్రేట్ బైబిలులో, 107వ కీర్తనలో, అన్నం సహించక చిక్కి శల్యమైనవారిని వర్ణిస్తూ అనువాదకుడు మైల్స్ కవర్‌డేల్ ‘డెత్స్ డోర్’ అనే రాశాడు. ఆంగ్లికన్ల (ఇంగ్లండు చర్చివారి) ప్రార్థన గ్రంథంలో ఆ పాఠమే నిలిచింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో అది ‘గేట్స్ ఆఫ్ డెత్’గా మారింది. తెలుగు బైబిలులోని ‘మరణద్వారములు’ ఈ రెండో పాఠానికి దగ్గర.

బ్రిటన్‌లో నర్సు: ఇక్కడ నేను దీన్ని ఎక్కువగా ‘కాదు’ అనే చోటనే వింటాను. జలుబు చేసి సెలవు పెట్టినవారి గురించి, ‘ఆయనేమీ డెత్స్ డోర్ దగ్గర లేడులే’ అంటారు. ‘ఆయనకేమీ ప్రాణం మీదికి రాలేదు’ అంటే తెలుగులో ఒదుగుతుంది. కోలుకున్న రోగులు తమ గురించి తాము ఈ మాట ధారాళంగా చెప్పుకుంటారు గాని, వార్డులో కళ్ళనీళ్ళతో ఎదురుచూస్తున్న కుటుంబంతో మేము అనము. పరిస్థితి విషమంగా ఉందని మాత్రమే చెబుతాము. ఈ తేడాను అనువాదంలోనూ పాటించవలసిందని నా మనవి.

అనువాదకురాలు: ధన్యవాదాలు. పెద్దాయన కాబట్టి ‘కాటికి కాళ్ళు చాచుకున్నాడు’ అనవచ్చునా?

ఇంగ్లీషు మాస్టారు: వద్దండి, అది ‘వన్ ఫుట్ ఇన్ ద గ్రేవ్’కు సరిజోడు. జబ్బు కన్నా వయసును ఎత్తిచూపుతుంది, అందులో కొంత చులకన కూడా ఉంది. ‘చావు తప్పి కన్ను లొట్టపోయింది’ అన్నదీ ఇక్కడ పనికిరాదు. స్వల్ప ఆధిక్యంతో ఎన్నికల్లో గట్టెక్కిన అభ్యర్థికి దాన్ని వాడుతున్నాము. ఆయన కోలుకున్నట్టు వ్యాసంలో ఉంటే, ‘చావు అంచుల దాకా వెళ్ళి వచ్చాడు’ అని రాయండి.