అప్‌డేట్: పర్మాంగనేట్ సమీకరణం తుల్యమైంది

ఆమ్ల యానకంలో పర్మాంగనేట్ (MnO₄⁻), ఫెర్రస్ (Fe²⁺) అయాన్ల చర్య రాస్తే రెండువైపులా పరమాణువులు సరిపోతున్నా విద్యుదావేశం సరిపోవడం లేదని పోయిన వారం అడిగాను కదా, తప్పు దొరికింది. నేను ఎలక్ట్రాన్లను లెక్కలోకే తీసుకోలేదు. మాంగనీసు +7 నుంచి +2కి దిగుతుంది, అంటే 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఒక్కో ఫెర్రస్ అయాన్ ఇచ్చేది ఒక్కటే, కాబట్టి 5 ఫెర్రస్‌లు కావాలి. ఎడమవైపు 8 హైడ్రోజన్ అయాన్లు, కుడివైపు 4 నీటి అణువులు వేశాక రెండువైపులా మొత్తం ఆవేశం +17 వచ్చింది. ఆ పదిహేడు చూసి ఎంత సంతోషమేసిందో!

ఎలక్ట్రాన్లు ఇవ్వడం ఆక్సీకరణం, తీసుకోవడం క్షయకరణం అని ఓపిగ్గా చెప్పిన అన్నకు చాలా థ్యాంక్స్. కొత్తపట్నంలో మా గేటు ఉప్పుగాలికి తుప్పు పట్టడమూ ఇదే: ఇనుము ఇస్తుంది, ఆక్సిజన్ తీసుకుంటుంది. రేపటి నుంచి క్షార యానకం లెక్కలు.