వ్యాన్‌ల నీళ్ల పంపు ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతున్నది, వైరింగు తెలిసినోళ్లు చెప్పండి

పాలమూరు_బాటసారి:
అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. పాత ట్రావెలర్ వ్యాన్ కొని లోపల పడకలు, చిన్న వంటగట్టు, సింకు పెట్టించినం. 60 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు. నల్లా తిప్పితే పంపు దానంతట అదే నడవాలె. మొదట్ల మంచిగనే నడిచింది. ఇప్పుడు గుర్రుమని మూలుగుతది, నీళ్లు సన్నగ వస్తయి, కొంతసేపటికి ఫ్యూజు పోతది. పంపు మీద 7 ఆంపియర్లు అని రాసి ఉంది, వేసిన ఫ్యూజు 10. వైరింగు చేసినాయన "15 వెయ్యి, లేకుంటే 20 వెయ్యి, ఏం కాదు" అంటుండు. అమ్మానాయిన, పిల్లలు పండుకునే బండి, నాకు మనసొప్పుతలేదు. మన్ననూరు మీదుగ శ్రీశైలం పోయేది ఉంది. రాత్రి 9 దాటితే అడవి చెక్‌పోస్టు కాడ ఆపుతరు, తెల్లారిందాక బండిలనే ఉండాలె. పెద్దోళ్లతోని నీళ్లు లేకుంటే నడవదు.

దేవరకొండ_ఆటోఎలక్ట్రిక్:
తమ్మీ, 15 వెయ్యకు. ఆ ఫ్యూజు ఉన్నది ముందుగాల వైరును కాపాడేటందుకు. సన్న వైరుకు పెద్ద ఫ్యూజు పెడితే ఫ్యూజు కన్న ముందు వైరే కాలుతది. రేకుకు ప్లైవుడ్‌కు నడుమ వైరు కాలితే పొగ బయటికి వచ్చేదాక ఎవరికీ తెల్వదు. ఫ్యూజు జాగల రాగితీగ చుట్టిన బండ్లు నా షాపుకు ఎన్నో వస్తయి, చూస్తే భయమైతది. ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20. ఎర్రది తీసిన కాడ ఎర్రదే పెట్టు. ముందుగాల ఇవి చెప్పు: ఫ్యూజు ఎక్కడుంది, వైరు మీద ఏం సైజు రాసి ఉంది, బ్యాటరీ నుంచి పంపు దాక ఎంత దూరం, మైనస్ ఎక్కడ కలిపిండ్రు?

పాలమూరు_బాటసారి:
అన్నా, ఫ్యూజు పంపు పక్కపొంటనే ఉంది. వైరు మీద 0.75 అని ఉంది. బ్యాటరీ డ్రైవరు సీటు కింద, పంపు వెనకాల. వైరు పోయిన తొవ్వ పట్టి కొలిస్తే 5 మీటర్లు. మైనస్ సింకు కింద బాడీకి స్క్రూ కొట్టి వదిలేసిండు, పెయింటు కూడ గీకలేదు.

మిర్యాలగూడ_రిటైర్డ్:
విద్యుత్ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. బాబూ, కొత్త పంపు కొనే ముందు ఒక మల్టీమీటర్ తెచ్చుకోండి. పంపు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఎక్కడైనా 12 వోల్టులే చూపిస్తుంది, దానివల్ల ఏమీ తెలియదు. నల్లా తెరిచి పంపు నడుస్తుండగా కొలవాలి. ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత పంపు రెండు వైర్ల మధ్య. ఆ తర్వాత మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కు, రెండోది పంపు మైనస్‌కు పెట్టండి. అక్కడ వచ్చే అంకె ఎంత ఎక్కువైతే మీ బాడీ ఎర్తింగు అంత చెడ్డదన్నమాట. ప్లస్ వైపు కూడా అట్లాగే. పుల్లల మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

వనపర్తి_టిఫిన్‌బండి:
నేను టిఫిన్ బండి నడుపుతాను, అందులోనూ ఇదే రకం పంపు. మూలుగుతోందంటే వైరు ఒక్కటే అనుకోకు తమ్ముడూ. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపులో చిన్న జాలి ఉంటుంది, విప్పి చూడు. మన పాలమూరు, నల్లగొండ బోరు నీళ్లకు తెల్లటి పెచ్చు కడుతుంది, ఇసుక కూడా వస్తుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో జాలిని నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఇంకో మాట, ఆ జాలి ఫ్లోరైడ్‌ను ఆపదు. మర్రిగూడ వైపు జనం పడ్డ బాధ మనకు తెలిసిందే. ట్యాంకు నీళ్లు గిన్నెలకు, చేతులకు వాడండి, తాగడానికి వేరే క్యాన్ పెట్టుకోండి.

పాలమూరు_బాటసారి:
కొలిచిన సార్. పంపు నడుస్తుంటే బ్యాటరీ కాడ 12.4, పంపు కాడ 10.1. మైనస్ వైపు 1.0, ప్లస్ వైపు 1.3. అక్క చెప్పినట్టు జాలి తీస్తే సగం మూసుకపోయి ఉంది. ఫ్యూజు హోల్డరు ప్లాస్టిక్ ఒక దిక్కు గోధుమ రంగుకు తిరిగింది.

మిర్యాలగూడ_రిటైర్డ్:
అన్నీ బయటపడ్డాయి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 26 ఓముల నిరోధం. మీ 5 మీటర్లకు 0.13. పంపు 6 ఆంపియర్లు తీసుకుంటే వైరులో 0.8 వోల్టు పోతుంది. ప్లస్ వైపు పోయింది 1.3 కదా, మిగతా అర వోల్టు ఆ హోల్డరులోనే పోతోంది. అర వోల్టు, 6 ఆంపియర్లు, అంటే 3 వాట్ల వేడి వేలెడంత ప్లాస్టిక్‌లో. ఆ వేడికి 10 ఆంపియర్లు దాటకుండానే ఫ్యూజు కరిగిపోవచ్చు. పైగా జాలి నుంచి జారిన ఇసుక పంపులో అడ్డం పడి మోటారు తిరగలేక ఆగితే, మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మైనస్ సంగతి చెప్పక్కర్లేదు, పెయింటు మీద కొట్టిన స్క్రూ అది.

దేవరకొండ_ఆటోఎలక్ట్రిక్:
ఇగ పని చెప్తా, మెల్లగ చెయ్యి. ముందుగాల చేతి ఉంగరం, గడియారం, కడెం తీసెయ్యి. బ్యాటరీ మైనస్ ఫస్టు విప్పాలె, మళ్ల బిగించేటప్పుడు మైనస్ ఆఖరుకు. ప్లస్ ముందు విప్పితే పానా జారి బాడీకి తగిలిందనుకో, బ్యాటరీల నుంచి వందల ఆంపియర్లు ఒక్కపారి వస్తయి, పానా ఎర్రగ కాలుతది. 12 వోల్టులు షాక్ కొట్టదని తేలికగ తీసుకోకు, కాల్చుడు దాని పని. బ్యాటరీ చార్జింగుల ఉన్నప్పుడు గ్యాసు వస్తది, ఆ టైముల దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

వైరు 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్లది) వెయ్యి. ప్లస్, మైనస్ రెండూ బ్యాటరీ దాక తీసుకపో, బాడీని నమ్మకు. కొనేటప్పుడు కొసన గీకి చూడు, లోపల తెల్లగ కనబడితే అల్యూమినియం మీద రాగి పూత, వాపసియ్యి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలనే ఉండాలె. నీది పంపు కాడ ఉంది కాబట్టి నడుమ వైరు ఎక్కడ ఒరుసుకపోయి బాడీకి తగిలినా ఆపేది ఏం లేదు. అదే నాకు అన్నిటికన్న ఎక్కువ భయం పెట్టింది. వైరు కొసలకు లగ్గులు (బోల్టుకు బిగించే లోహపు టోపీలు) పెట్టి క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కు, మెలిపెట్టి టేపు చుడితే బండి కుదుపులకు వదులైతది. రేకుల నుంచి పోయే ప్రతి బొక్కకు గ్రోమెట్, అంటే వైరు ఒరుసుకపోకుండ రబ్బరు రింగు వెయ్యి.

వనపర్తి_టిఫిన్‌బండి:
జాయింట్లు పంపు కన్నా పైన పెట్టించు, పైపు కారినా వాటి మీద పడవు. ఒక స్విచ్చి కూడా పెట్టించు. పడుకునేటప్పుడు, బండి నడిచేటప్పుడు పంపు ఆపెయ్యాలి. లేకపోతే రాత్రి పైపు ఊడితే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అది తోడుతూనే ఉంటుంది.

సాగర్_క్యాంపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బండిలో నల్లా కట్టేసినా పంపు ఉండుండి టక్కుమని ఒక్కసారి నడిచి ఆగుతుంది. ఇది కూడా వైరింగేనా?

దేవరకొండ_ఆటోఎలక్ట్రిక్:
ఎక్కువగ కాదు. పైపుల ఎక్కడనో సన్నగ కారుతుంటది, ప్రెషర్ తగ్గంగనే పంపులనే ఉండే ప్రెషర్ స్విచ్చి దాన్ని లేపుతది. క్లిప్పులన్నీ బిగించి, కింద కాయితం పరిచి తడి ఎక్కడుందో చూడు.

పాలమూరు_బాటసారి:
4 స్క్వేర్ వేయించిన. ఫ్యూజు బ్యాటరీ కాడికి మార్పించిన, ఎర్రదే. ఇప్పుడు పంపు నడుస్తుంటే దాని కాడ 12.1 వస్తున్నది. చాన సేపు నడిపి హోల్డరు ముట్టుకుంటే చల్లగ ఉంది. నీళ్లు ధారగ వస్తున్నయి. అందరికీ దండాలు. ఇంకొకటి అడగాలె. తొవ్వల దాబా కాడనో, తెలిసినోళ్ల పొలం కాడనో ఆగితే అక్కడి కరెంటుతో బ్యాటరీ చార్జింగు పెట్టుకోవచ్చా? మా మామ పొలం మోటరు స్టార్టరు డబ్బాల నుంచి వైరు లాగుదమంటుండు.

మిర్యాలగూడ_రిటైర్డ్:
స్టార్టరు డబ్బా దగ్గరికి అసలు పోవద్దు, మీ మామగారికి నా మాటగా చెప్పండి. అది త్రీ ఫేజు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల పైనే ఉంటుంది. తడి నేల మీద నిలబడి ఆ డబ్బాలు తెరిచి పోయిన రైతుల ఇళ్లకు నేను ఉద్యోగంలో ఉండగా వెళ్లాల్సి వచ్చింది.

దాబాలో అయితే మూడు పిన్నుల సాకెట్టు, ఎర్తింగు ఉన్నదైతేనే పెట్టండి. రెండు పిన్నుల ప్లగ్గు వద్దు. బండిలోకి వచ్చే 230 వోల్టుల లైనుకు మొదట్లోనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి), దాని వెంట ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి) ఉండాలి, ఎర్తు వైరు బండి బాడీకి గట్టిగా బిగించి ఉండాలి. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి, 12 వోల్టుల పనిలాగా సొంతంగా వద్దు. 230 వైర్లను, 12 వైర్లను ఒకే పైపులో తేవద్దు. ఎక్స్‌టెన్షన్ చుట్ట ఉంటే మొత్తం విప్పి పరవండి, చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది.

ప్లగ్గు పెట్టాక పిల్లల్ని ఎక్కనిచ్చే ముందు ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కండి, టక్కున పడాలి. తర్వాత చెప్పులు వేసుకొని, పొడి నేల మీద నిలబడి, బాడీ రేకుకు టెస్టరు పెట్టండి. వెలిగితే బండిని ముట్టుకోకుండా దాబా వైపు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేయండి. ఆ రాత్రికి మీ బ్యాటరీ చాలు, పంపు ఎంతసేపు నడుస్తుంది గనుక.