మోటర్‌హోమ్ వెలుపలి గోడలు వెలిసిపోయాయి: పాలిష్ ముందా, అతుకుల సీలెంట్ ముందా?

ప్రశ్న:

చాలాకాలం ఆరుబయట కదలకుండా నిలిచిపోయిన ఒక పాత మోటర్‌హోమ్‌ను (లోపల నివసించే ఏర్పాట్లున్న వాహనాన్ని) మేము ఈమధ్య కొన్నాము. ఇంజను, లోపలి అమరికలు బాగానే ఉన్నాయి గాని, వెలుపలి రూపం మాత్రం బాగా దెబ్బతిన్నది. గోడలు ఫైబర్‌గ్లాస్‌వి. ఎండ ఎక్కువగా తగిలిన వైపు మెరుపు పూర్తిగా పోయింది. చేత్తో నిమిరితే తెల్లటి పొడి అంటుకుంటోంది. కిటికీల మూలల నుంచి, పైకప్పు అంచు నుంచి కిందికి నల్లటి చారలు దిగాయి, అవి మామూలు షాంపూతో కడిగితే పలచబడుతున్నాయే తప్ప పోవడం లేదు. కిటికీలు గాజువి కావు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్‌వి. వాటిపై సన్నటి గీతలు కనబడుతున్నాయి.

ప్రెషర్ వాషర్‌తో ఒకసారి గట్టిగా కడిగించి, ఆ తరువాత మెషీన్ పాలిష్ చేయించాలని అనుకుంటున్నాను. ఈ వరుస సరైనదేనా? పాలిష్ ప్రతి ఏడూ చేయించవలసి ఉంటుందా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:

మీ చేతికి అంటుతున్న పొడి దుమ్ము కాదు. ఫైబర్‌గ్లాస్ గోడలకు పైపూతగా ఉండేది సాధారణంగా జెల్‌కోట్, అంటే పాలియెస్టర్ రెజిన్‌లో రంగు కలిపి వేసిన పొర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ ఏళ్ల తరబడి పనిచేసినప్పుడు ఉపరితలంలోని రెజిన్ క్షీణించి, అందులో ఇమిడి ఉన్న రంగు రేణువులు వదులై బయటపడతాయి. ఎండ తగిలే వైపే ఇది ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

ఈ క్షీణత ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. గోడను శుభ్రంగా కడిగిన తరువాత మసకబారిన చోట నీళ్లు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు పాత రంగు, మెరుపు తిరిగి కనిపిస్తే చెడింది పైపొర మాత్రమేనని, పాలిష్‌తో బాగుపడే అవకాశం ఎక్కువని భావించవచ్చు. తడిపినా రంగు లేవకపోతే పాలిష్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

జెల్‌కోట్ మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. కారు రంగు మీద ఉండే పారదర్శక పూత 50 మైక్రాన్ల (0.05 మిల్లీమీటరు) దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, దానితో పోలిస్తే జెల్‌కోట్‌ను అరగదీయడానికి ఎక్కువ వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయినా కాంపౌండ్‌తో, అంటే పైపొరను అరగదీసే గరుకు ముద్దతో, పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ పొరలో కొంత శాశ్వతంగా పోతుంది. అందుకే ఏటా పాలిష్ చేయించడం నాకు సమ్మతం కాదు. ఒకసారి సరిగ్గా పాలిష్ చేసి, ఆపైన వ్యాక్స్ గాని, పాలిమర్ సీలెంట్ (వ్యాక్స్ లాంటి రక్షణ పూత) గాని పట్టించి, ఆ రక్షణ పూతను ఏడాదికి ఒకటి రెండుసార్లు తిరిగి వేస్తూ ఉంటే, మళ్లీ కాంపౌండ్ పట్టవలసిన అవసరం చాలాకాలం రాదు. పాలిష్ తీసేసే పని, వ్యాక్స్ చేర్చే పని. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే చాలామంది గోడలను అనవసరంగా అరగదీస్తారు.

మొదట కనబడని మూలలో చిన్న భాగాన్ని ఎంచుకుని, మృదువైన కాంపౌండ్‌తో ప్రయత్నించండి. అది చాలకపోతేనే గరుకైనదానికి వెళ్లండి. స్టిక్కర్ల మీద, వాటి అంచుల మీద మెషీన్ ప్యాడ్ తగలకుండా టేపు అంటించుకోవాలి.

రెండవ సమాధానం:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, మీరు అనుకున్న వరుసను మాత్రం మార్చుకోమని గట్టిగా చెబుతున్నాను. మెరుపు పోయిన గోడ చూడడానికి బాగుండదు, అంతే. నీరు చొరబడిన గోడ మాత్రం లోపలి నుంచి నాశనమవుతుంది. అనేక మోటర్‌హోమ్‌ల గోడలలో పైపలకకు, లోపలి పలకకు మధ్య ఫోమ్, చెక్క చట్రం, ప్లైవుడ్ ఉంటాయి. ఒక్క అతుకు దగ్గర సీలెంట్ (సందులు మూసే పదార్థం, పైన చెప్పిన పాలిమర్ సీలెంట్ కాదు) చీలినా నీరు లోపలికి ఇంకి, చెక్క మెత్తబడి, చివరకు పైపలక ఊడి ఉబ్బుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ముందు పాలిష్ ఖర్చు లెక్కలోకి రాదు.

కనుక ప్రెషర్ వాషర్ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. సీలెంట్ పరిస్థితి తెలియని పాత బండిపై ఆ నీటి ధారను అతుకుల మీదికి, కిటికీ రబ్బర్ల మీదికి, ఫ్రిజ్ గాలి జాలీల మీదికి కొడితే, వాన ఎన్నడూ చేరలేని చోటికి నీటిని మీరే పంపినవారవుతారు. స్టిక్కర్ల అంచులు కూడా లేచిపోతాయి. మామూలు గొట్టం, మెత్తని పొడవాటి బ్రష్ ఈ పనికి చాలు.

పైకప్పుతో మొదలుపెట్టండి. మీ నల్లచారల మూలం కూడా చాలావరకు అక్కడే ఉంటుంది: కప్పు మీద పేరుకున్న మురికి ప్రతి వానకూ, మంచుకూ కరిగి అంచుల నుంచి గోడ మీదికి దిగుతుంది. పైకప్పును శుభ్రంగా ఉంచకుండా చారలను మాత్రమే తుడుస్తూ పోతే అవి మళ్లీ వస్తూనే ఉంటాయి. కప్పు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుదైతే పెట్రోలియం ద్రావకాలు, నిమ్మజాతి నూనెలున్న క్లీనర్లు వాడకూడదు. వాటివల్ల రబ్బరు ఉబ్బి దెబ్బతింటుంది. తడిసిన కప్పు విపరీతంగా జారుతుంది కాబట్టి, వీలైనంతవరకు నిచ్చెన మీద నిలబడి పొడవాటి బ్రష్‌తోనే పని కానివ్వండి.

కడిగి ఆరిన తరువాత స్కైలైట్ (కప్పులోని కిటికీ), గాలి గొట్టాలు, సోలార్ ప్యానెల్ బిగింపులు, పక్క అంచుల పట్టీలు, ఇలా ప్రతి అతుకునూ దగ్గరగా పరిశీలించండి. సన్నటి పగుళ్లు, అంచు వదిలి లేచిన సీలెంట్, మరల (స్క్రూల) చుట్టూ తుప్పు మరక కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టుకోండి. లోపలి వైపు అదే చోట తేమ మీటర్‌తో కొలిచి, చుట్టుపక్కల గోడతో పోల్చి చూడండి. సీలెంట్ పనులన్నీ పూర్తయ్యాకే పాలిష్. వ్యాక్స్ అంటుకున్న చోట సీలెంట్ పట్టదు గనుక కూడా ఈ వరుసే సరైనది.

మూడవ సమాధానం:

కిటికీల గురించి ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను. ఆక్రిలిక్‌కు మురికి కంటే ప్రమాదకరమైనది తప్పుడు క్లీనర్. అమోనియా ఉన్న గాజు క్లీనర్లు, స్పిరిట్, అసిటోన్, పెట్రోల్ వంటివి తగిలితే దానిలో వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. అవి గీతలు కావు, లోపల ఏర్పడే చీలికలు, ఏ పాలిష్‌తోనూ పోవు. మీ కిటికీల మీద ఉన్నవి ఏ రకమో వేలిగోటితో తడిమి చూడండి. గోరుకు తగలనంత సన్నని గీతలను ప్లాస్టిక్ కోసమే తయారైన పాలిష్‌తో తగ్గించవచ్చు. ఇకమీదట మాత్రం కిటికీలను ముందు ధారాళంగా నీళ్లు పోసి ఇసుక రేణువులు జారిపోయాకే, షాంపూ నీటిలో ముంచిన మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో దుమ్ము దులపడమే చాలా గీతలకు కారణం.

కడిగే విధానంలోనూ ఒక మాట. షాంపూ పట్టించేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లడం, నీళ్లు పోసి కడిగేటప్పుడు పై నుంచి కిందికి రావడం మంచిది. పొడిగా ఉన్న మురికి గోడ మీద పై నుంచి క్లీనర్ ధారలుగా కారితే ఆ దారుల్లోనే కొత్త చారలు నిలిచిపోతాయి. నీడలో, పలక చల్లగా ఉన్నప్పుడు కడగాలి. షాంపూ పీహెచ్ తటస్థంగా ఉండాలి. గిన్నెలు తోమే ద్రవం జిడ్డును వదిలించడానికి తయారైనది, అది వ్యాక్స్ పూతను కూడా బలహీనపరుస్తుంది.

ప్రశ్న వేసినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సూచన ప్రకారం ముందుగా పైకప్పు కడిగి చూశాను. స్కైలైట్ చుట్టూ పాత సీలెంట్ రెండు చోట్ల పగిలి ఉంది. దానిపైన ఎవరో పారదర్శకమైన సిలికోన్ పూసినట్టు కనబడుతోంది, అదీ అంచుల వద్ద ఊడుతోంది. లోపలి వైపు తేమ మీటర్‌లో ఆ చోటికి, మిగతా కప్పుకు తేడా ఏమీ రాలేదు. పగుళ్ల మీద కొత్త సీలెంట్ వేస్తే సరిపోతుందా?

రెండవ సమాధానం రాసినవారు:

లోపల తేమ చేరకముందే చూసుకున్నారు, సంతోషం. అయితే ఆ సిలికోన్ మీద ఏదీ వేయకండి. గట్టిపడిన సిలికోన్ మీద ఇతర సీలెంట్లు నిలవవు. దానిని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో, ఓపికగా, కప్పు పొర చిరగకుండా పూర్తిగా తీసివేయాలి. కంటికి కనబడని పలుచని పొర కూడా మిగలకూడదు. లోహపు బ్లేడు రబ్బరు కప్పు మీద వాడవద్దు. సిలికోన్ కరిగించే ద్రవం వాడవలసి వస్తే మీ కప్పు పదార్థానికి అది పనికివస్తుందని డబ్బా మీద చదివి నిర్ధారించుకోండి.

పాత సీలెంట్ తీశాక స్కైలైట్ చట్రం కదలకుండా గట్టిగా ఉందా, మరలు పట్టు కోల్పోయాయా అని చూడండి. చట్రం బిగుతుగా ఉంటే, కప్పు పదార్థానికి సరిపోయే, తనంతట తానే సమంగా పరుచుకునే సీలెంట్‌ను మరల తలలు మునిగేలా వేస్తే చాలు. చట్రం కదులుతున్నా, మరలు ఊరికే తిరుగుతున్నా దాన్ని పూర్తిగా విప్పి, కింద కొత్త బ్యూటైల్ టేపు (మెత్తని జిగురు రబ్బరు పట్టీ) పరిచి మళ్లీ బిగించవలసిందే, ఎందుకంటే నీటిని ఆపేది ప్రధానంగా ఆ టేపే. పైన కనిపించే సీలెంట్ దానికి అదనపు రక్షణ మాత్రమే. నిలువు అంచుల మీద మాత్రం సమంగా పరుచుకునే రకం కారిపోతుంది, అక్కడికి జారని రకం తీసుకోండి. వాన లేని రోజు చూసి చేయండి, పూర్తిగా ఆరేవరకు బండిని కదల్చవద్దు. మొదటి పెద్ద వాన తరువాత అదే చోట తేమ మీటర్‌తో మళ్లీ కొలిచి, ఇప్పటి అంకెతో పోల్చి చూసుకోండి.