బొర్రా, శిమిలిగూడ స్టేషన్లలో దిగి పగటి నడక: దారులు మ్యాపులో పెట్టాలా, వద్దా?

రైలుదిగినడక
విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పగటి బండి పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది. ఎక్కిన జనంలో ఎక్కువమంది బొర్రాలో దిగి గుహలు చూస్తారు, లేదంటే అరకు దాకా వెళ్లి మ్యూజియం, పద్మాపురం తోట చూసి వచ్చేస్తారు. అసలు అందం ఈ రెంటి మధ్యనే ఉంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ, శీతాకాలంలో పసుపుపచ్చగా విరగబూసే వలిసె చేలు. ఇవన్నీ స్టేషన్ నుంచి కాలినడకన చేరగలిగేవే.

నా ప్రతిపాదన ఇది. బొర్రా గుహలు, శిమిలిగూడ స్టేషన్ల నుంచి మొదలై ఒక్క పూటలో ముగిసే నడకలు నాలుగైదు ఎంచి, మ్యాపుతో సహా ఒక షీటుగా ఇక్కడ పెడదాం. ఎంత దూరం, ఎక్కడ దారి చీలుతుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, తిరుగు బండి ఎప్పుడు అన్నీ ఉండాలి. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఆదివారం ఘాట్ రోడ్డు కార్లతో ఎలా బిగుసుకుపోతుందో అందరికీ తెలుసు. కారు లేని కాలేజీ పిల్లలకి, రిటైరైన పెద్దలకి ఆ కొండ అందాలంటే రైలే దిక్కు. ఏమంటారు?

వాల్తేరు_పాతమనిషి
ఆలోచన బాగుంది బాబూ. రైల్వేలో పనిచేసినవాడిగా రెండు మాటలు చెబుతాను.

ఇది ప్రయాణికుల కోసం వేసిన లైను కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. ఇప్పటికీ పెద్దపీట ఖనిజం బండ్లదే. రెండో లైను వేసే డబ్లింగ్ పనులు సాగుతున్నా, ఎదురు బండికి దారివ్వడానికి (క్రాసింగ్) మన బండి ఆగిందంటే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. కాబట్టి తిరుగు రైలునే నమ్ముకుని నడక లెక్క వేయొద్దు. ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు దొరికే చోట నడక ముగిసేలా చూడండి. బయల్దేరే ముందు రోజు టైమింగులు మళ్లీ సరిచూసుకోమని పైనే రాయండి.

రెండోది ఇంకా ముఖ్యం. మీ షీటులో ఒక్క అడుగు కూడా పట్టాల మీద ఉండకూడదు. ఈ ఘాట్‌లో 58 సొరంగాలున్నాయి. సొరంగం నోటి దగ్గర రీల్స్ తీసుకునేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. పైనుంచి లోడుతో దిగే ఖనిజం బండి మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా వెంటనే ఆగదు. లోపల మలుపు ఉంటే డ్రైవర్‌కి మీరు కనబడనే కనబడరు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆర్నెల్ల దాకా జైలు పడొచ్చు. 2023 వానాకాలంలో గోవా సరిహద్దు దూద్‌సాగర్ దగ్గర పట్టాల వెంట నడిచినవాళ్ల చేత గుంజీలు తీయించారని పేపర్లన్నిట్లో వచ్చింది.

గెడ్డఒడ్డు
మాది అనంతగిరి మండలం. మా ఊరి పేరు ఇక్కడ రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మీరు నడక దారి అంటున్నది మా పొలం గట్టు. డిసెంబరులో ఆ దారి మీదే టార్పాలిన్లు పరిచి కాఫీ గింజలు ఆరబెడతాం. పక్కకి తిరిగే చోటు లేక కొందరు బూట్లతో వాటి మీద నుంచే నడిచిపోయారు. మట్టి, పేడ అంటిన గింజకి వ్యాపారి ఏ ధర కడతాడో ఆలోచించండి. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పేరు నిలబడాలంటే గింజ శుభ్రంగా ఉండాలి.

ఊట సంగతి వినండి. కొండ మీద ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, పైపుతో కిందికి నీళ్లు తెచ్చుకున్నాం. మోటారు లేదు, కరెంటు లేదు, వాలు మీదే నీళ్లు దిగుతాయి. ఊరంతా తాగేది అవే. నడిచొచ్చిన గుంపు ఆ తొట్టిలో కాళ్లు కడుక్కుని, షాంపూ పెట్టి తలలు కూడా కడుక్కుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు, అది తాగే నీళ్లని వాళ్లకి తెలియదు. మీ మ్యాపులో ‘ఇక్కడ నీళ్లు దొరుకుతాయి’ అని చుక్క పెడితే రేపు ఇంకో యాభై మంది వస్తారు.

ఇంకో మాట. షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే మా గిరిజన ప్రాంతంలో, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు మీరంతా చదివే ఉంటారు. ఆ గొడవ పుట్టింది మా బొర్రా పంచాయతీ భూముల మీదే. ఇక్కడి నేల గురించి మమ్మల్ని అడగకుండా కాగితం మీద గీత గీస్తే మా పెద్దలకి ఇప్పటికీ భయం వేస్తుంది. అది ఉత్తి అనుమానం కాదు, చూసిన అనుభవం.

రావద్దని నేననడం లేదు. ఊరి మనిషి తోడు లేకుండా రావద్దు, దారి నెట్‌లో పెట్టొద్దు అంటున్నాను.

మాంచెస్టర్_తెలుగు
నేను ఉండే ఇంగ్లండ్‌లో ఇదే ప్రశ్న వందేళ్లుగా నలుగుతోంది. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్లే లైనులో ఈడేల్ అని చిన్న స్టేషన్. ముప్పావుగంట ప్రయాణం. దిగి గేటు దాటితే నడక మొదలు. మామ్ టోర్ ఎక్కి, ఆ గట్టు వెంటే నడిచి, హోప్ స్టేషన్‌లో తిరుగు బండి ఎక్కొచ్చు. ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌లో ఎక్కడం వల్ల వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు. రైలు నడకకి కారు ఇవ్వలేని సుఖం ఇదే.

ఆ దారులు చాలావరకు రైతుల పొలాల్లోంచే పోతాయి. గేటు తీసిన మనిషి గేటు వేసి వెళ్లాలి, గొర్రెలుంటే కుక్కని తాడుతో పట్టుకోవాలి. దారి గుర్తులు స్పష్టంగా ఉండబట్టే జనం పక్కకి పోరు. అడుగుల ఒత్తిడికి కొండపై నేల కొట్టుకుపోతుంటే పాత మిల్లుల రాతి పలకలు తెచ్చి పరిచారు. దారి దాచేస్తే నాశనం ఆగదు, పదిచోట్లకి చెదురుతుంది. అందుకే నా ఓటు మ్యాపుకే.

గెడ్డఒడ్డు
అన్నా, మీ ఉదాహరణ నాకు నచ్చింది. అందుకే చరిత్ర వెతికి చదివాను. ఆ ఈడేల్ పక్కనున్న కిండర్ స్కౌట్ కొండ జమీందార్ల వేట భూమి. 1932 ఏప్రిల్‌లో మిల్లు కూలీలు, నిరుద్యోగులు గుంపుగా ఎక్కారు, అయిదుగురు జైలుకి పోయారు. 1951లో నేషనల్ పార్కు వచ్చింది, 2000లో అలాంటి కొండల మీద నడిచే హక్కు ఇచ్చే చట్టమూ వచ్చింది. అంటే లేనివాడు ఉన్నవాడి భూమి మీద నడిచే హక్కు సంపాదించుకున్నాడు. ఇక్కడ ఎకరం, రెండెకరాల కాఫీ ఉన్నవాడి గట్టు మీద నడుస్తానంటున్నది పట్నం మనిషి. రెండూ ఒకటెలా అవుతాయి? ఆ రాతి పలకలు పరిచే డబ్బు మా పంచాయతీకి ఎవరిస్తారు?

మాంచెస్టర్_తెలుగు
హక్కు విషయంలో మీతో వాదించను, మీరన్నది నిజమే. కానీ గుర్తులు లేని దారి వల్ల మీ కాఫీకే ఎక్కువ నష్టమన్న మాట మీదే ఉన్నాను.

సీతమ్మధార_నడక
ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. ‘ఊరి మనిషిని తోడు తీసుకోండి’ అనడం తేలిక. పొద్దున్నే స్టేషన్‌లో దిగిన ఇద్దరు ఆడపిల్లలు ఎవరిని అడగాలి? ప్లాట్‌ఫారం మీద పలకరించే ముక్కూ మొహం తెలియని మనిషి వెంట అడవిలోకి పోవాలా? చేతిలో మ్యాపు, తిరుగు బస్సు ఎక్కే చోటు తెలిసుంటే మాకు టెన్షన్ తగ్గుతుంది.

ఇంకొకటి. దారులు ఇప్పటికే బయటపడ్డాయి. కటికి జలపాతం దగ్గర ఎప్పుడైనా జనం లేకుండా చూశారా? ట్రెక్కింగ్ గ్రూపులు డబ్బు తీసుకుని బస్సు నిండా మనుషుల్ని దింపుతున్నాయి. వాళ్ల దగ్గర ఫోన్‌లో దారి చూపే ట్రాక్ ఫైళ్లున్నాయి, ఊట గురించి హెచ్చరిక మాత్రం లేదు. మర్యాద తెలిసినవాళ్లం మనం రాయకపోతే, తెలియనివాళ్లు రాసిందే మిగులుతుంది.

గెడ్డఒడ్డు
అక్కా, తోడు విషయంలో మీరన్నది న్యాయమే. మా వైపు డ్వాక్రా సంఘాల్లో చురుకైన ఆడవాళ్లున్నారు. స్టేషన్ దగ్గర అడ్డాకు దొప్పల్లో సీతాఫలాలు, జామకాయలు అమ్మేదీ వాళ్లే. అందులో ఇద్దరో ముగ్గురో తోడు రావడానికి ఒప్పుకుంటే, మనిషికింత అని వాళ్లకే ఇవ్వొచ్చు. గుంపు లీడరుకి పోయే డబ్బు ఊళ్లోనే ఉంటుంది. కాని నేను ఒక్కడినే మాటివ్వలేను, గ్రామసభలో పెట్టాలి.

వాల్తేరు_పాతమనిషి
మంచి మాట. అయితే కాఫీ కోతలు ముగిశాక మొదలుపెట్టండి. ఫిబ్రవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, బండిలో రద్దీ తగ్గుతుంది. వానాకాలం మాత్రం పూర్తిగా మానేయండి. పొద్దున మోకాలి లోతున్న గెడ్డ (వాగు) మధ్యాహ్నానికి నడుము దాటితే ఆవలి ఒడ్డునే చిక్కుకుంటారు.

రైలుదిగినడక
అన్నీ చదివాను. ఊళ్లలోంచి, తోటల్లోంచి పోయే దారులు షీటులో ఉండవు. ముందు రెండే రాస్తాను. ఒకటి బొర్రా స్టేషన్ నుంచి గుహల మీదుగా తారు రోడ్డు వెంట బస్సు దొరికే చోటికి. రెండోది శిమిలిగూడ నుంచి అరకు వైపు, బండ్లు తిరిగే రోడ్డు వెంటే. ఆ శిమిలిగూడ స్టేషన్ దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది, అరకు దానికన్నా కిందే కాబట్టి పెద్దవాళ్లకీ అలుపు తక్కువే. తాగే నీళ్లు విశాఖ నుంచే తెచ్చుకోవాలని పైన పెద్ద అక్షరాలతో పెడతాను.

సీతమ్మధార_నడక
తారు రోడ్డు మీద కార్ల పక్కన నడవడానికి అంత దూరం రైలెక్కి ఎందుకు రావాలి? దీనికి నేను ఒప్పుకోను. తోట దారి కనీసం ఒక్కటైనా ఉండాలి, తోడుతోనే సరే.

గెడ్డఒడ్డు
తోట దారి సంగతి గ్రామసభ తేల్చాక మాట్లాడదాం అక్కా. ఈలోగా ఆ రెండు రోడ్ల షీటు ముందు నాకు పంపండి. మలుపుల దగ్గర కార్లు కనబడని చోట్లు రెండు మూడున్నాయి, అక్కడ రోడ్డు దిగి ఏ పక్కన నడవాలో నేను రాసిస్తాను. ఊట పేరు, ఊరి పేరు మాత్రం ఎక్కడా రాయకండి.